ఫామ్‌హౌస్ సింక్ పెట్టించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? గురువారంలోగా తేల్చాలి

కందిపొడి | శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది న్యూజెర్సీ, ఎడిసన్ దగ్గర. ఇల్లు 1986లో కట్టింది. వంటిల్లు మొత్తం పీకేసి కొత్తగా చేయిస్తున్నాం. కేబినెట్లు వచ్చి గరాజ్‌లో కూర్చున్నాయి. సింక్ కింద వచ్చే కేబినెట్ 36 అంగుళాలది. గట్టుకి క్వార్ట్జ్ రాయి వేసేవాళ్ళు వచ్చే గురువారం కొలతలకి వస్తామని, సింక్ ఏదో చెప్పకపోతే టేపు కూడా తీయమని అన్నారు.

నాకు మొదటినుంచీ తెల్ల ఫామ్‌హౌస్ సింక్ మీద మనసు. ముందు గోడ కేబినెట్ బయటికి కనిపిస్తూ ఉంటుంది చూడండి, ఏప్రన్ ఫ్రంట్ అంటారు, అది. మావారు "తెల్లదా? మన పసుపుకా?" అని ఒక్క మాటన్నారు. అంతే, రెండు వారాలుగా ఇంట్లో ఇదే చర్చ.

అమ్మ ఏడాదిలో ఆరు నెలలు మా దగ్గరే ఉంటుంది, ఇప్పుడూ ఇక్కడే ఉంది. డిష్‌వాషర్ ఉంది కానీ అమ్మ లెక్కలో అది కడిగిన గిన్నెలు ఆరబెట్టుకునే అల్మరా. అన్నీ చేత్తో తోముతుంది. వంట రోజూ మన వంటే. ఆదివారం ఇడ్లీ, దోసెల పిండి, నెలకోసారి ఇరవైమందికి వంట.

ఫైర్‌క్లే కొనాలా, స్టీలు కొనాలా, ఒకటే తొట్టా, రెండా? వాడినవాళ్ళు చెప్పండి. షోరూంలో అమ్మాయి చెప్పింది చాలానే విన్నాను.

ఆస్టిన్_ఆవకాయ | శనివారం, రాత్రి 10.15

మాది తెల్ల ఫైర్‌క్లే, 33 అంగుళాలు, నాలుగేళ్ళయింది. పసుపు గురించి భయం వద్దు. ఫైర్‌క్లే అంటే మట్టిని అచ్చుపోసి, పైన గ్లేజ్ అనే గాజులాంటి పూత పూసి, వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కాల్చింది. మీ పింగాణీ కప్పులో సాంబారు పోస్తే మరక పడుతుందా? ఇదీ అంతే. రాత్రంతా పులుసు గిన్నె వదిలేసినా పొద్దున సబ్బుతో పోతుంది. లేత పసుపు ఛాయ ఎక్కడైనా మిగిలినా, కిటికీ ఎండ పడితే సాయంత్రానికి అదే మాయమవుతుంది. పసుపు రంగు ఎండకి నిలవదు, తెల్లచీర మీద చూసే ఉంటారు.

అసలు తలనొప్పి మన స్టీలు గిన్నెలు! అడుగు రాసుకుంటే పెన్సిల్‌తో గీసినట్టు బూడిదరంగు గీతలు పడతాయి. మొదటి వారంలో సింక్ గీసుకుపోయిందని ఏడుపొక్కటే తక్కువ. అది గీత కాదు, గిన్నెలోని లోహమే గ్లేజ్ మీద అంటుకుంటుంది. బార్ కీపర్స్ ఫ్రెండ్ పొడి తడిచేసి మెల్లగా రుద్దితే పోతుంది, అందులో ఆక్సాలిక్ యాసిడ్ ఉంటుంది. నెలకి రెండుసార్లు రుద్దుతాను. స్టీలు పీచు మాత్రం ఇంట్లో లేకుండా చేయండి.

అడుగున పెట్టే స్టీలు జాలీ తప్పనిసరి. సింక్‌తోపాటే కొనండి. డ్రెయిన్ రంధ్రం మధ్యలో ఉందా, వెనక ఉందా అన్నదాన్ని బట్టి జాలీ మారుతుంది. నేను విడిగా కొని రెండుసార్లు వాపసు ఇచ్చాను.

ఇంకో నిజం. గాజు గ్లాసు జారిందా, ఇక అంతే. స్టీలు సింక్‌లో పదిసార్లు జారితే ఏ రెండుసార్లో పగిలేది. ఇందులో జారినవన్నీ చెత్తబుట్టకే.

స్టీలుసామాను | శనివారం, రాత్రి 10.50

నెలకి రెండుసార్లు రుద్దడానికి సింక్ ఏమైనా ఇత్తడి కుందులా అండీ?

స్టీలులోనే ఏప్రన్ ఫ్రంట్ దొరుకుతుంది, మాది అదే, డాలస్‌లో ఆరేళ్ళుగా. గేజ్ 16 ఉన్నది తీసుకోండి. గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. 16 అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు, 18 అంటే దాదాపు 1.2. గ్రేడు 304 అని రాసి ఉండాలి. అడుగున రబ్బరు మెత్తలు, పైన పూత ఉంటే కుక్కర్ దించినప్పుడు ఢమాల్ అనదు. షోరూంలో వేలి కణుపుతో తట్టి చూడండి, డబ్బాలా మోగితే వదిలేయండి.

వేడి వేడి గంజి వంచినా భయం లేదు. ఫైర్‌క్లేకి ఆ ధైర్యం ఉందా? చలికాలం చల్లగా ఉన్న సింక్‌లో సలసల మరిగే నీళ్ళు ఒక్కసారి కుమ్మరిస్తే గ్లేజ్‌లో వెంట్రుకల్లాంటి బీటలు రావచ్చు.

ఆస్టిన్_ఆవకాయ | శనివారం, రాత్రి 11.05

గంజి వంచేటప్పుడు పక్కన చన్నీళ్ళ కుళాయి తిప్పి ఉంచితే చాలు. నాలుగేళ్ళలో ఒక్క బీటా లేదు. మీ స్టీలు మీద నీటి మచ్చల సంగతి కూడా చెప్పండి మరి.

గ్రానైట్_గుండె | ఆదివారం, ఉదయం 7.20

మాది చీమకుర్తి దగ్గర పల్లె. అక్కడి గెలాక్సీ గ్రానైట్ ఎక్కడెక్కడి వంటిళ్ళకి పోయిందో, దాని వెనకే నేనూ వచ్చాను. అట్లాంటాలో రాయి కోసి బిగించే షాపులో పదకొండేళ్ళుగా పని.

కందిపొడి గారూ, రంగు సంగతి తర్వాత. ముందు వరస చెప్తాను. సింక్ ఇంటికి రావాలి. పెట్టె విప్పి, అన్ని మూలలూ, గ్లేజ్ మీద గుంటలూ చూసుకోవాలి. దాన్ని కేబినెట్‌లో కూర్చోబెట్టి లెవెల్ చూడాలి. ఆ తర్వాతే రాయికి కొలతలు. ఈ వరస తప్పిన ఇళ్ళకి నేను రెండోసారి వెళ్ళాల్సి వస్తుంది, ఆ రెండోసారి బిల్లు ఎవరిదో అని గొడవ.

ఫైర్‌క్లేకి ఇది మరీ ముఖ్యం. మట్టి బట్టీలో కాలేటప్పుడు కుంచించుకుపోతుంది. అన్నీ ఒకేలా కుంచించుకోవు. కాగితం మీద 33 అని ఉన్న సింక్ చేతికొచ్చేసరికి పావంగుళం అటూ ఇటూ ఉంటుంది. ముందు గోడ కొంచెం వంపు తిరిగి ఉండొచ్చు కూడా. కాగితం మీది కొలతతో కేబినెట్ కోయించారంటే పక్కన సందు వస్తుంది, ఆ సందులో సిలికాన్ కుక్కుతారు, రెండేళ్ళకి అది నల్లబడుతుంది. కంపెనీవాళ్ళే "సింక్ చేతికొచ్చాక కోయండి" అని పెట్టె మీద రాస్తారు. ఎవరూ చదవరు.

బరువు: 33 అంగుళాల ఫైర్‌క్లే వంద పౌండ్ల పైచిలుకే. లోపల 30 పొడవు, 16 వెడల్పు, 9 లోతు అనుకుంటే 18 గ్యాలన్ల పైన నీళ్ళు పడతాయి, అదో 150 పౌండ్లు. పైన మీ ఇడ్లీ కుక్కర్. మామూలు సింక్‌ని రాయికి అంటించి వేలాడదీస్తాం, దీన్ని అలా కుదరదు. కేబినెట్ లోపల రెండు పక్కలా టూ-బై-ఫోర్ కర్రలతో కాళ్ళు కట్టి, వాటి మీద నిలబెట్టాలి. బరువంతా నేల మీదికి దిగాలి.

మీ కేబినెట్ మామూలు సింక్ బేసా, ఏప్రన్ సింక్ కోసం చేసిందా? అది చెప్పండి.

కందిపొడి | ఆదివారం, ఉదయం 9.00

ఇప్పుడే గరాజ్‌లోకి వెళ్ళి చూశాను. మామూలుదే. పైన తెరుచుకోని ఉత్తుత్తి సొరుగు ముఖం, కింద రెండు తలుపులు. ఇప్పుడేం చేయాలి?

గ్రానైట్_గుండె | ఆదివారం, ఉదయం 9.25

కంగారు పడకండి. ఆ ఉత్తుత్తి ముఖం, దాని వెనక అడ్డపట్టీ కోసేస్తారు. ఆ ముఖం ఎత్తు మామూలుగా ఆరేడు అంగుళాలు. సింక్ ముందు గోడ తొమ్మిదో పదో ఉంటుంది. మిగతా రెండు మూడు అంగుళాలు తలుపుల మీదికి వస్తుంది, అంటే తలుపులు పొట్టివి చేయించుకోవాలి. కేబినెట్ కంపెనీకి ఫోన్ చేసి అదే రంగులో పొట్టి తలుపులు అడగండి. ఉన్న తలుపులు కోస్తే అంచు పెయింట్ పోతుంది, తెలిసిపోతుంది.

ముందు గోడ పొట్టిగా ఉన్న సింకులూ ఉన్నాయి. కోలర్ కంపెనీ వైట్‌హేవెన్ మోడల్‌లో పొట్టి ముందుగోడ, పొడుగు ముందుగోడ రెండూ వస్తాయి. పైగా దాని ముందు గోడ కేబినెట్ ముఖం మీదికి కొంచెం ఆనుకుంటుంది కాబట్టి వడ్రంగి కోత ఓ పావంగుళం వంకర పోయినా దాచేస్తుంది. అది ఫైర్‌క్లే కాదు, పోత ఇనుము మీద ఎనామిల్.

కాఫీడికాషన్ | ఆదివారం, ఉదయం 10.10

పోత ఇనుము మాట వచ్చింది కాబట్టి. మాది ఎనామిల్ పూసిన పోత ఇనుము, వేరే కంపెనీది, పేరెందుకులెండి. మెరుపు చూస్తే ముద్దొస్తుంది. కానీ మా అత్తయ్య చేతిలోంచి ఇనప దోసె పెనం జారి అంచు మీద పడింది. కందిగింజంత ఎనామిల్ ఊడింది. కింద ఇనుము కదా, నెల తిరిగేసరికి అక్కడ తుప్పు మచ్చ. రిపేరు కిట్‌తో పూశాం. దూరం నుంచి తెలియదు, నాకు మాత్రం రోజూ అదే కనిపిస్తుంది.

ఫైర్‌క్లే పెచ్చు ఊడినా తుప్పు పట్టదు, లోపలంతా మట్టే కదా. అది దాని లాభం.

బే_ఏరియా_బామ్మ | ఆదివారం, మధ్యాహ్నం 12.30

అందరూ సింక్ గురించే మాట్లాడుతున్నారు, తోమేవాళ్ళ గురించి ఒక్కరూ అడగలేదు. అమ్మాయ్, మీ అమ్మగారి ఎత్తెంత?

నా కోడలు ముచ్చటపడి పది అంగుళాల లోతు సింక్ పెట్టించింది. తను ఐదడుగుల ఆరు. నేను నాలుగడుగుల పదకొండు. అడుగున ఉన్న చెంచా తీయాలంటే బావిలోంచి చేద తీసినట్టే. మూడు నెలలకి నడుం పట్టీ కొన్నాను. తర్వాత వాడు, నా కొడుకు, నిలబడటానికి ఓ చెక్క పీట చేయించాడు. దాని మీంచి దిగేటప్పుడు పడిపోతానేమోనని ఇంకో భయం.

కొనేముందు ఓ పని చెయ్యి. వంటింటి గట్టు 36 అంగుళాలు అంటారు కదా. రాయి మందం అంగుళంపావు. సింక్ రాయి కింద బిగిస్తే దాని అంచు అక్కడ మొదలవుతుంది, లోపలి లోతు తొమ్మిది. అంటే అడుగు నేల నుంచి పాతికా ముప్పాతిక. అంత ఎత్తున ఓ బల్ల వేసి, దాని మీద అట్టపెట్టె పెట్టి, పైఅంచు 36కి వచ్చేలా కత్తిరించు. అందులో మీ పెద్ద కుక్కర్ పెట్టి మీ అమ్మని తోమమను. నీళ్ళక్కర్లేదు. పది నిమిషాలు.

చిన్నప్పుడు పెరట్లో పీట వేసుకుని కూర్చుని తోమాం, అప్పుడు నడుం నొప్పి లేదు. ఇప్పుడు వేల డాలర్లు పోసి నొప్పి కొనుక్కుంటున్నాం.

స్టీలుసామాను | ఆదివారం, మధ్యాహ్నం 12.45

బామ్మగారూ, మీకు దండం.

ఓరుగల్లు_బిడ్డ | ఆదివారం, మధ్యాహ్నం 1.20

నేను హైదరాబాద్‌లో ఉంట, అయినా ఓ మాట చెప్తా. పోయినేడు మా ఫ్లాట్‌లో కిచెన్ కొత్తగా చేపిచ్చినం. మా ఆవిడ ఫోన్ల ఫోటోలు చూసి గిదే ఫామ్‌హౌస్ సింక్ గావాలన్నది. ఫైర్‌క్లేది బయటి దేశం నుంచి రావాలె, ధర సూస్తే కండ్లు తిరిగినయి. క్వార్ట్జ్ పొడిని రెసిన్‌ల కలిపి పోసిన సింకులు మన దగ్గరనే తయారైతయి, కారిసిల్ వాళ్ళది గుజరాత్ భావ్‌నగర్‌ల ఫ్యాక్టరీ. అట్లాంటిదే నల్లది తీసుకున్నం.

గీతలు పడలే, వేడికి ఏం కాలే. కానీ మాది బోరు నీళ్ళు. నల్ల సింక్ మీద తెల్ల సున్నం తెట్టె. రోజూ రాత్రి గుడ్డతోని తుడుస్తెనే నలుపు నలుపు లెక్క ఉంటది, లేకుంటే బూడిద. వారానికోసారి వెనిగర్. బాసాన్లు తోమే ఆమెకు స్టీలు పీచు లేకుంటే చెయ్యాడదు, ఆ పీచు దాచిపెట్టుడు ఇంకో పని.

మీ నీళ్ళు మెత్తటివా, ఉప్పు నీళ్ళా చూసుకోని రంగు తీసుకోండ్రి.

మౌనప్రేక్షకుడు | ఆదివారం, మధ్యాహ్నం 2.00

రాగి సింక్ గురించి ఎవరైనా చెప్తారా? ఫోటోల్లో బాగుంది.

ఆస్టిన్_ఆవకాయ | ఆదివారం, మధ్యాహ్నం 2.10

రాగి సింక్‌లో రసం చారెడు ఒలికితే ఒలికినచోట తళతళా మెరుస్తుంది, మిగతాదంతా గోధుమరంగు. చింతపండుతో రాగి చెంబు తోమినట్టే కదా. చిరుతపులి సింక్ కావాలంటే కొనండి.

కందిపొడి | ఆదివారం, రాత్రి 8.30

బామ్మగారు చెప్పినట్టే చేశాం. గరాజ్‌లో స్టూలు, దాని మీద పిల్లాడి పాత పుస్తకాలు పేర్చి ఎత్తు సరిచేశాం. మైక్రోవేవ్ వచ్చిన అట్టపెట్టె పైన కోసి పెట్టాం. అమ్మ ఎత్తు ఐదడుగుల ఒకటి. చీర కొంగు బిగించి, ఐదు లీటర్ల కుక్కర్ అందులో పెట్టి, ఉత్త పీచుతో నిజంగానే తోమినట్టు తోమింది. మావారు ఫోన్‌లో టైం చూస్తున్నారు.

పది నిమిషాలయ్యాక "ఎలా ఉందమ్మా" అంటే "బానే ఉంది" అంది. మా అమ్మ ఏదీ బాలేదనదు. కానీ పెట్టె తీసేటప్పుడు చూశాను. ఎడమవైపు అట్ట అంచు లోపలికి మడతపడిపోయింది. కుడిచేత్తో తోముతూ, ఎడమ అరచెయ్యి అక్కడ ఆనించి బరువంతా దాని మీద వేసింది. నాకు చాలా బాధనిపించింది.

పాత సింక్ లోతు ఏడు అంగుళాలు. అంటే అమ్మ ఇప్పటిదాకా వంగింది దీనికన్నా రెండంగుళాలు తక్కువ. అయితే ఫామ్‌హౌస్ ఆశ వదులుకోవాల్సిందేనా? గ్రానైట్_గుండె గారూ, ఏదైనా దారి ఉందా?

గ్రానైట్_గుండె | ఆదివారం, రాత్రి 9.50

వదులుకోనక్కర్లేదు. ఏప్రన్ సింక్‌కి నడుం విషయంలో ఒక లాభం కూడా ఉంది. మామూలు సింక్ ముందు మూడు నాలుగు అంగుళాల రాయి ఉంటుంది, దాని మీంచి ముందుకి వాలాలి. ఇందులో ఆ రాయి ఉండదు, మనిషి తొట్టికి ఆనుకునే నిలబడుతుంది. మీ అట్టపెట్టెకీ ముందు రాయి లేదు కాబట్టి ఆ లాభం మీ లెక్కలో చేరిపోయింది, మిగిలింది లోతు.

ఎత్తు కలిసిరావడానికి మూడు దారులు.

లోతు తక్కువది వెతకండి. బయటి ఎత్తు తొమ్మిది, లోపల ఎనిమిది ఉన్న ఫైర్‌క్లేలు దొరుకుతాయి. ఒక అంగుళం వచ్చింది. ముందు గోడ కూడా పొట్టిదే కాబట్టి తలుపుల గొడవా తగ్గుతుంది.

అడుగున జాలీ ఎలాగూ పెడతారు. దాని కాళ్ళు ముప్పాతిక నుంచి అంగుళం. గిన్నె ఆ మేరకు పైకి వస్తుంది.

మూడోది, సింక్ అంచుని రాయి కింద కాకుండా రాయితో సమంగా పెట్టడం. ఇంకో అంగుళంపావు. కానీ నేను మనస్ఫూర్తిగా చెప్పలేను. ఫైర్‌క్లే అంచు గీత గీసినట్టు ఉండదు, రాయి అంచు గీత గీసినట్టే ఉంటుంది. రెండూ పక్కపక్కన సమంగా పెడితే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ కీలులో నీళ్ళు నిలుస్తాయి. రాయి కింద పెడితే గట్టు మీది దోసెల పిండి చుక్కల్ని గుడ్డతో ఒక్క తోపు తోస్తే సింక్‌లోకి పోతాయి.

మొదటి రెండూ చేయండి, చాలు.

ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. గోడలోంచి బయటికి వచ్చే డ్రెయిన్ పైపు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? చెత్త రుబ్బే డిస్పోజల్ పెడతారా?

కందిపొడి | ఆదివారం, రాత్రి 10.05

21 అంగుళాలు. గోడ ఇంకా తెరిచే ఉంది, గోడ మూసే పలకలు (షీట్‌రాక్) మంగళవారం వేస్తారు. డిస్పోజల్ పాతది ఉంది, అదే పెడదామనుకున్నాం.

గ్రానైట్_గుండె | ఆదివారం, రాత్రి 10.20

మంగళవారంలోపు అడిగారు, బతికిపోయారు.

సింక్ బయటి అడుగు పాతికా ముప్పాతిక దగ్గర ఉంటుంది. దాని కింద స్ట్రైనర్, పైపు ముక్క, నీళ్ళు నిలిచే పి-ట్రాప్ వంపు. ఆ ట్రాప్ నుంచి గోడలోకి నీళ్ళు వాలుగా పోవాలి, ఎక్కకూడదు. డిస్పోజల్ లేకుండానే 21 సరిపోదు. డిస్పోజల్ పెడితే నీళ్ళు బయటికి వచ్చే దారి ఇంకో నాలుగైదు అంగుళాలు కిందికి దిగుతుంది. రేపే ప్లంబర్‌ని పిలిచి గోడ పైపు 16కి దింపించండి. గోడ తెరిచి ఉన్నప్పుడు అది గంటా రెండు గంటల పని. టైల్స్ వేశాక అయితే టైల్స్ పగలగొట్టాలి.

డిస్పోజల్ పెడితే ఇంకో సంగతి. దాంతో వచ్చే, సింక్ రంధ్రంలో బిగించే మూతి అరంగుళం దాకా మందం ఉన్న సింక్‌కే సరిపోతుంది. ఫైర్‌క్లే అడుగు అంతకన్నా మందం. పొడుగు మూతి విడిగా అమ్ముతారు, ముందే తెప్పించి పెట్టుకోండి. బిగించే రోజు అది లేకపోతే ప్లంబర్ చేతులు కట్టుకుని నిలబడతాడు, గంటలు మాత్రం లెక్కపెడతాడు.

స్టీలుసామాను | ఆదివారం, రాత్రి 10.30

మన ఇళ్ళలో డిస్పోజల్ అవసరమా అని నా అనుమానం. మునక్కాడ పిప్పి, కరివేపాకు రెబ్బల ఈనెలు, మిగిలిన అన్నం. మా ఇంట్లో మూడుసార్లు బిగుసుకుంది. మూడోసారి మామిడి టెంక దొరికింది. వేసిందెవరో ఇప్పటిదాకా తేలలేదు.

కందిపొడి | ఆదివారం, రాత్రి 10.40

నవ్వలేక చస్తున్నా. మావారిని చదివించాను, డిస్పోజల్ తీసేద్దాం అన్నారు. ఇంకొకటి: ఒకటే తొట్టా, రెండా? అమ్మకి రెండు అలవాటు. ఒకదాంట్లో తోమి, ఇంకోదాంట్లో తొలుస్తుంది.

కాఫీడికాషన్ | సోమవారం, ఉదయం 6.15

33లో రెండు చేస్తే ఒక్కోటీ 15 కూడా ఉండదు. బిర్యానీ గిన్నె అందులో వాలుగా నిలబెట్టి తోమాలి, సగం నీళ్ళు బయటికే. ఒకటే తొట్టి పెట్టి, తొలవడానికి ప్లాస్టిక్ టబ్ పెట్టుకోండి. అవసరం లేనప్పుడు తీసేయొచ్చు, మధ్య గోడని తీయలేం.

బే_ఏరియా_బామ్మ | సోమవారం, ఉదయం 8.00

నేను ఒప్పుకోను. ఒకటే తొట్టిలో అంట్లు పడేస్తే కూరలు ఎక్కడ కడగాలి? బియ్యం ఎక్కడ కడగాలి? ఎంగిలి పక్కనేనా? మధ్య గోడ సగం ఎత్తే ఉండే సింకులు ఉన్నాయి, పెద్ద గిన్నె దాని మీంచి పడుకుంటుంది. అది చూడు.

ఆస్టిన్_ఆవకాయ | సోమవారం, ఉదయం 8.40

బామ్మగారి మాట ఒకటి నిజం, ఎంగిలి సమస్య. మా ఇంట్లో ఒకటే తొట్టి. మాంసం కడిగిన రోజు మొత్తం సింక్ కడుక్కోవాల్సిందే. అయినా మళ్ళీ కొంటే ఒకటే కొంటాను. ఓవెన్ ట్రే పూర్తిగా పడుకుంటుంది.

ఇంకో మాట కందిపొడి గారికి. కుళాయి సింక్‌కి కాదు, వెనక రాయికి వస్తుంది. సింక్ వెనక మిగిలే రాయి నాలుగైదు అంగుళాలే. కుళాయి పిడి వెనక్కి తిప్పే రకం అయితే గోడకో కిటికీ గుమ్మానికో తగులుతుంది. మాకు తగిలింది. వేడినీళ్ళు సగమే తిరిగేవి, రెండు నెలలు గీజర్‌ని తిట్టాను. ముందుకి తిరిగే పిడి కొనండి. ఆర్‌ఓ నీళ్ళ కుళాయి, సబ్బు సీసా ఉంటే వాటి రంధ్రాలు కూడా రాయివాళ్ళకి గురువారమే చెప్పాలి.

గ్రానైట్_గుండె | సోమవారం, మధ్యాహ్నం 12.10

ఆ రంధ్రాలు షాపులోనే వేయించుకోండి. మర్చిపోయి ఇంట్లో వేయాల్సి వస్తే నీళ్ళు పోస్తూ వేయమనండి, పొడిగా కోయనివ్వకండి. క్వార్ట్జ్ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. మావాళ్ళు కొందరు ఆ జబ్బుతో, సిలికోసిస్ అంటారు, పని మానేశారు. ఆస్ట్రేలియాలో ఇదే కారణంతో 2024 జులై నుంచి ఈ రాయినే నిషేధించారు. నా కూడు దీనిమీదే, అయినా చెప్తున్నా.

కందిపొడి | గురువారం, సాయంత్రం 6.20

అందరికీ ముందుగా ఈ కబురు. ప్లంబర్ సోమవారమే వచ్చి పైపు 16కి దింపాడు. సింక్ కొన్నాం: తెల్ల ఫైర్‌క్లే, 33 అంగుళాలు, లోపల లోతు ఎనిమిది, ఒకటే తొట్టి, జాలీతో సహా. బామ్మగారూ, మన్నించండి, సగం గోడది ఎనిమిది లోతులో మాకు దొరకలేదు.

బుధవారం సాయంత్రం ఇంటికొచ్చింది. ఇద్దరు మోసుకొచ్చారు. పెట్టె విప్పి టేపు పెడితే 32 అంగుళాలా 13/16. పోయిన వారం నేనే అయితే 33కి కోయించేసేదాన్ని. వడ్రంగి సింక్‌ని గరాజ్‌లో తలకిందులుగా పెట్టి, అట్ట మీద దాని ముఖం గీసుకుని, ఆ అట్టని బట్టి కేబినెట్ కోశాడు. ముందు గోడ అడుగున మధ్యలో ఓ గోరంత లోపలికి వంగి ఉంది, ఆ వంపు కూడా అట్ట మీద వచ్చింది.

ఇవాళ పొద్దున రాయివాళ్ళు వచ్చి, సింక్ కూర్చుని ఉండటం చూసి, "ఎవరు చెప్పారు మీకు" అని అడిగారు.

గ్రానైట్_గుండె | గురువారం, రాత్రి 8.00

చీమకుర్తి అని చెప్పాల్సింది.

కందిపొడి | ఏడు వారాల తర్వాత, ఆదివారం

అడిగినవాళ్ళ కోసం. సింక్ వాడటం మొదలుపెట్టి నెల దాటింది. పసుపు మరక ఒక్కటీ లేదు, మావారు రోజూ వెతుకుతున్నారు. బూడిద గీతలు మాత్రం ఆవకాయ గారు చెప్పినట్టే మూడో రోజే పడ్డాయి. పొడితో పోయాయి. రెండు గాజు గ్లాసులు పోయాయి.

ఒకటి ఎవరూ చెప్పలేదు. తోమేటప్పుడు నీళ్ళు ముందు గోడ మీంచి కారి తలుపుల పైఅంచు మీద పడతాయి. ముందు రాయి లేదు కదా ఆపడానికి. అమ్మ ఇప్పుడు తలుపు పిడికి తువ్వాలు కట్టింది. నాకిష్టమైన ముందు గోడ సగం ఆ తువ్వాలు వెనకే ఉంది.

నడుం గురించి అడిగితే "బానే ఉంది" అంది. కానీ ఇప్పుడు రెండు చేతులూ గిన్నె మీదే ఉంటున్నాయి.

బే_ఏరియా_బామ్మ | ఆదివారం, సాయంత్రం 5.10

ఆ తలుపుల పైఅంచుకి వడ్రంగి చేత ఓ పూత పెయింట్ వేయించు. కోసినచోట పచ్చి చెక్క ఉంటే నీళ్ళు తాగి ఉబ్బుతుంది. మా ఇంట్లో ఎడమ తలుపు ఇప్పుడు మూసుకోదు.

కందిపొడి | ఆదివారం, సాయంత్రం 5.25

తలుపులు కొత్తవే తెప్పించాం బామ్మగారూ, అంచుకి కంపెనీ పూతే ఉంది. అయినా రేపు వేలితో తడిమి చూస్తాను.

ఫ్రిస్కో_ఫిల్టర్‌కాఫీ | ఆదివారం, రాత్రి 9.00

మంచి చర్చ. మా ఇంట్లో గ్రానైట్ గట్టు ఆల్రెడీ ఉంది. అది తీయకుండా ముందు భాగం మాత్రం కోసి ఏప్రన్ సింక్ పెట్టొచ్చా?

గ్రానైట్_గుండె | ఆదివారం, రాత్రి 9.15

సింక్ ముందు ఉన్న ఆ మూడంగుళాల పట్టీయే రాయిని ఒకటిగా పట్టి ఉంచుతుంది. కోసేటప్పుడు మూలలో చీలితే గట్టు మొత్తం మార్చాలి. చేసేవాళ్ళు ఉన్నారు, నేను మాత్రం గ్యారంటీ ఇవ్వను. ఫోటోలతో విడిగా ఇంకో చర్చ పెట్టండి, చూసి చెప్తాను.